యాదవ్వ శనివారపు రోగాలు

యాదవ్వకు రోగం ముదిరిందనీ, మందులతో కాదని డాక్టరే చేతులెత్తేసి ఆమెను వేములవాడ రాజన్న గుడికి తోలుకపోయాడనీ వాడకట్టంతా చెప్పుకున్నారు. చూసి వచ్చింది పక్కింటి కొమురవ్వ. గుడి చుట్టూ కోడెను తిప్పుతున్న డాక్టర్ అంబదాస్‌ను, చాలా వెనక చేతులు జోడించుకొని నడుస్తున్న యాదవ్వను ఆమె కళ్లారా చూసింది.

"తాడు పట్టుడు గూడ ఆమెతోని అయితలేదే. పట్టిన డాక్టర్ చేతులేమో గజగజ వణుకుతున్నయి. ఎంత పెద్ద రోగమైతే డాక్టర్ వణుకుతడు?" అని నల్లా కాడ అందరినీ అడిగింది.

సాయంత్రానికల్లా యాదవ్వ ఇంటికి అరటిపండ్లు, బత్తాయిలు, ఒక కొబ్బరిబోండాం వచ్చి చేరాయి. ఇంటికి వచ్చిన పండును వద్దనడం పాపమని యాదవ్వ అన్నీ తీసుకుంది.

యాదవ్వ కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో ఆయా. నయం కాని జబ్బులవాళ్లకు నొప్పి తగ్గించి చివరిదాకా తోడుండే వార్డు ఆమెది. ఆ వైద్యం నేర్చుకోవడానికి అప్పటికే డాక్టర్లయినవాళ్లు వచ్చి మళ్లీ ఏడాది చదువుతారు. మందుల సంగతి వాళ్లకు తొందరగానే పట్టుబడుతుంది, పట్టుబడనిది మాట. చేదు కబురు ఎట్లా చెప్పాలో వార్డు పెద్ద డాక్టర్ నర్మద మేడం ప్రతి శనివారం వాళ్లతో సాధన చేయిస్తుంది. దానికి రోగిలా నటించే మనిషి కావాలి. మొదట నర్సులను కూర్చోబెడితే నవ్వాపుకోలేక లేచిపోయారు. గది తుడవడానికి వచ్చిన యాదవ్వను మేడం కుర్చీలో కూర్చోమంది. "నీ రక్తపరీక్షలు మంచిగ రాలే యాదవ్వా" అందో లేదో, యాదవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకొని, చచ్చిపోయిన అత్తను పేరుపెట్టి పిలుస్తూ రాగం తీసింది. ఎవరు పోయారోనని పక్క వార్డువాళ్లు ఉరికొచ్చారు. ఆనాటి నుంచి ఆ కుర్చీ యాదవ్వదే. వారానికో రోగం.

ఆ ఏడాది వచ్చినవాళ్లలో అంబదాస్ ఆదిలాబాద్ దిక్కు పత్తి రైతు కొడుకు. మెత్తటి మనిషి. చేదు కబురు అతని గొంతు దాటేది కాదు. పత్తి ఏరుడు అయిందా, వానలెట్లున్నయి, ఎడ్లు బాగున్నయా అని, సమయం అయిపోయేదాకా చేను గట్టు దిగేవాడు కాదు. ఒక శనివారం యాదవ్వకే ఓపిక పోయింది.

"నాకు కేన్సరా సారూ? జర చెప్పరాదు. ఇంకా రెండు వార్డులు తుడిచేది ఉన్నది."

అంబదాస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. యాదవ్వ అతని వీపు నిమిరింది. మేడం తల పట్టుకుంది. ముందు వినడం నేర్చుకోమనీ, ఎదుటిమనిషి తన భయం చెప్పుకుంటుంటే మన భయం తెచ్చి నడుమ పెట్టొద్దనీ వందోసారి చెప్పింది.

చివరికి ఒకనాడు అతనికి మాట కుదిరింది. ఆ వారం యాదవ్వది కాలేయం జబ్బు. అంబదాస్ ఎంత చక్కగా చెప్పాడంటే, యాదవ్వకు అది నాటకమన్న సంగతే గుర్తు లేకుండా పోయింది. కుర్చీలోంచి లేచి, వేములవాడ దిక్కు తిరిగి చేతులెత్తింది. "రాజన్నా, గీ రోగం తక్కువైతే నీకు కోడె కడుత" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి పోయే ఆటోలో ఆమెకు ఆ మొక్కు గుర్తొచ్చింది. కుర్చీ దిగగానే రోగం తక్కువైంది. అంటే మొక్కు తీర్చే వేళ అయింది. రోగం ఉత్తదే, కానీ మొక్కు ఉత్తది ఎట్లా అవుతుంది? మర్నాడు నడుం పట్టేసింది. ఆ తర్వాత పాలు విరిగాయి, చెప్పు తెగింది. ప్రతిదీ రాజన్న పంపిన కబురులాగే ఉంది. శనివారం వచ్చేసరికి ఆ కుర్చీ దగ్గరికి పోనంటే పోనంది.

ఎందుకో కనుక్కోమని మేడం అంబదాస్‌ను పంపింది. యాదవ్వ దుప్పట్లు మడతపెట్టే గదిలో ఉంది. మొక్కు సంగతి విని, లేని రోగానికి మొక్కెక్కడిదని అతను నచ్చజెప్పాడు.

"అదంత నాటకమని రాజన్నకు ఎవలు చెప్పాలె సారూ?"

పోనీ సెలవు ఇప్పిస్తాను, పోయి కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టి రమ్మన్నాడు. యాదవ్వ తల అడ్డంగా ఊపి, దుప్పటిని ఇంకా గట్టిగా దులిపింది. అంబదాస్ పత్తి గురించి అడగబోయి నోరు మూసుకున్నాడు. దుప్పట్ల మూట మీద కూర్చున్నాడు. యాదవ్వ ఒక దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్లీ అదే దుప్పటిని మడతపెట్టింది. అతను ఊరికే కూర్చునే ఉన్నాడు.

"నాకు కోడెలంటే భయం సారూ" అంది యాదవ్వ, గోడకు చెప్పినట్టు.

చిన్నప్పుడు ఒక కోడె తరిమితే గడ్డివాము ఎక్కిందట. బాపు నిచ్చెన తెచ్చి దింపాడట. ఊరంతా నవ్వింది. ఎవుసం చేసే కాపోళ్ల ఇంట పుట్టి గిదేం భయమని ఇప్పుడూ నవ్వుతారని, వేములవాడ పోయినప్పుడల్లా అందరి సంచులు కాపలా కాస్తూ బయటే కూర్చునేదట.

అంబదాస్ నవ్వలేదు. ఏదో చెప్పబోయి మింగేశాడు.

"తాడు నేను పడుత అవ్వా. నువ్వు ఎనుక నడువు" అన్నాడు.

వేములవాడ గుడి దగ్గర వాళ్లకు దొరికిన కోడె సాధుజంతువు. ఎవరి దిక్కూ చూడలేదు. అంబదాస్ తాడు చిట్టచివర పట్టుకున్నాడు. అది చెవి ఆడిస్తే ఆగాడు, తుమ్మితే దేవుణ్ని తలుచుకున్నాడు. యాదవ్వ మరీ వెనకబడేసరికి నడుమ ఇంకొకరి కోడె వచ్చింది. ఆమె ఇంకా వెనక్కు జరిగింది. ఎట్లయితేనేం, మొక్కు తీరింది, నడుం నొప్పి బస్సులోనే పోయింది. మరుసటి శనివారం మూత్రపిండాల జబ్బుతో కుర్చీలో కూర్చోబోతూ యాదవ్వ పైకి చూసి, "రాజన్నా, గిది ఉత్తదే" అని ముందే చెప్పుకుంది.

వాడకట్టులో మాత్రం యాదవ్వకు పెద్ద రోగమన్న మాట ఇంకా నడుస్తూనే ఉంది. కొమురవ్వ చూసింది అబద్ధమేం కాదు. తాడు డాక్టరే పట్టాడు, చేతులూ వణికాయి.

అంబదాస్‌కు కూడా చిన్నప్పటి నుంచి కోడెలంటే భయం.