సడ్డకుడి డిస్కు బ్రేకులు

మా సడ్డకుడు జీపుకు డిస్కు బ్రేకులు వేయించాడని నాకు మొదట చెప్పింది మా ఆవిడే. మామూలుగా కూడా చెప్పలేదు. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ, తనకే ఏదో బహుమతి వచ్చినట్టు మురిసిపోతూ చెప్పింది. "చెల్లె ఫోన్ చేసింది. ఎంత లోడేసినా బండి ఎక్కడ తొక్కితె అక్కడ్నే ఆగుతదట" అంది. ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైందని గొడవ పెట్టుకున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

సడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఇద్దరం బీర్కూర్ దగ్గరి ఒకే ఇంటి అల్లుళ్లం. పెద్దల్లుణ్ని నేను, బాన్సువాడలో ఉంటాను. చిన్నల్లుడు అతను, వర్ని వైపు ఉంటాడు. ఇద్దరివీ పాత జీపులే, చేసే పనీ ఒకటే. కోతల కాలంలో పొలాల్లో తిరిగే వరికోత మిషన్లకు డీజిల్ డ్రమ్ములు చేరవేస్తాం. మిగతా రోజుల్లో యూరియా బస్తాలో, సిమెంటు పైపులో, ఏది దొరికితే అది కాలువ కట్టల మీదుగా మోస్తాం. మామూలు బండి దిగబడే బురదలో కూడా జీపు పోతుంది. పోవడానికేం, బరువుతో కట్ట దిగేటప్పుడు ఆగడమే కష్టం. నా జీపు డ్రమ్ము బ్రేకులు ఒక్క తొక్కుకు ఎన్నడూ పట్టలేదు. టకటకా మూడుసార్లు తొక్కితే మూడోసారికి పట్టు దొరికేది. దిగుడు పొడుగ్గా ఉంటే అవి వేడెక్కి ఆ పట్టు కూడా సడలేది. అప్పుడు గేరు తగ్గించి, స్టీరింగు మీద వంగి, ఎలాగో ఆపేవాణ్ని. డ్రైవింగంటే అదేనని అందరికీ చెప్పేవాణ్ని కూడా.

నాట్లు అయిపోయాక మా అత్తగారింటివాళ్లంతా కాలువ తూము దగ్గరి కట్ట మైసమ్మకు బోనం తీసుకెళతారు. మైసమ్మకు కోసే యాటపోతు, బియ్యం, వంట బగోనెలు, కట్టెలు, నీళ్ల డ్రమ్ము, చుట్టాలు, అందరూ అన్నీ మా రెండు జీపుల్లోనే. బోనం కుండను ఇంట్లో ఎత్తుకున్నాక మళ్లీ మైసమ్మ ముందే దించాలి, మధ్యలో ఎక్కడా పెట్టకూడదు. అందుకని మా అత్తమ్మ ముందు సీట్లో కూర్చుని దాన్ని ఒళ్లో పట్టుకుంటుంది. ఆమె ఎక్కిన బండి ముందు నడుస్తుంది, డప్పులు దాని ముందే మోగుతాయి. నా పెళ్లయినప్పటి నుంచీ ఆ బండి నాదే. ఊరు దాటేవరకూ జనం అరుగుల మీద నుంచి లేచి చూసేవారు. చూసేది బోనాన్నే అని నాకు తెలియక కాదు. అయినా మీసం దువ్వుకునేవాణ్ని.

డిస్కు బ్రేకులు వచ్చిన ఏడాది అంతా తలకిందులైంది. అత్తగారి ఇంటి ముందు మా సడ్డకుడు రోడ్డు మీద ముగ్గుపిండితో గీత గీశాడు. ధాన్యం బస్తాలు నిండా వేసిన జీపును దూరం నుంచి ఉరికించుకొచ్చి, ముందు చక్రాలు సరిగ్గా గీత మీదే ఆపాడు. ఒక్క బస్తా కదల్లేదు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ అందరికంటే ఎక్కువ కొట్టింది. పగటిపూట లైట్లు వేసుకుని తిరిగే మనిషి అతను, ఇలాంటి వేషాలు కాక ఇంకేం వేస్తాడు!

అత్తమ్మ బోనం ఎత్తుకుని బయటికి వచ్చింది. నేను తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె నా జీపు దాటిపోయి అతని జీపు దగ్గర నిలబడింది.

"ఏమనుకోకు పెద్దల్లుడా" అంది. "గీ బండి మంచిగ ఆగుతదంటున్నరు గద. బోనం కుండ, పైగ కట్ట దిగుడు. ఇగ భయమైతది బిడ్డా."

ఏమీ అనుకోలేదన్నాను. తీసి పట్టుకున్న తలుపును ధడేల్మని వేశాను. ఆ రోజు డప్పుల వెనక, అతని బండి లేపిన దుమ్ములో, యాటను మోసుకుంటూ వెళ్లాను. అది దారంతా నా చెవిలో అరిచింది.

ఆ ఏడాదంతా నాకు అతని బ్రేకుల మీద తప్ప ధ్యాస లేదు. ఎక్కడ అతని జీపులాంటి ఎర్ర జీపు కనబడినా కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. అతని బ్రేకులు ఫెయిలవ్వాలని కోరుకోలేదు, అంత పాపిష్టివాణ్ని కాను. కనీసం కీచుమని మోగినా చాలనుకున్నాను. మోగలేదు. మళ్లీ నాట్లు అయిపోవస్తుండగా జీపు తీసుకుపోయి బాన్సువాడలో మా మెకానిక్ షెడ్డులో పెట్టాను. అతను ప్రతి పనికీ ముందు తన గొప్ప చెప్పుకుంటాడు, తర్వాతే పానా పట్టుకుంటాడు.

"మా సడ్డకుని బండికి ఏమున్నయో అవన్ని ఏయి. అంతకన్న ఎక్కువున్నా ఏయి" అన్నాను.

"ఫికర్ చెయ్యకు పటేలా. ఏనుగును ఎక్కించుకున్నా ఆపుత" అన్నాడు.

ముందు చక్రాలకు డిస్కులు, వెనక కొత్త లైనర్లు, తొక్కుడు తేలికగా ఉండటానికి బూస్టరు, పైపులతో సహా అన్నీ మార్చాడు. పైపుల్లో గాలి పోయేదాకా నన్నే సీట్లో కూర్చోబెట్టి పెడలు తొక్కించాడు. "ఇగ మెల్లగ ఒక్కసారి తొక్కు సాలు. ముందుగల్ల నాలుగు రోజులు ఖాళీ బండి నడుపు, కాలుకు అలవాటైతది" అన్నాడు. నాలుగు రోజులు ఎక్కడివి? మర్నాడే బోనాలు. పొద్దున్నే, అతని మాట గుర్తుంచుకుని కాలు మెల్లగా ఆనిస్తూ అత్తగారింటికి వెళ్లి, గుమ్మం ముందే జీపు ఆపి, చక్రాల సందుల్లోంచి మెరుస్తున్న డిస్కులను అత్తమ్మకు వంగి మరీ చూపించాను.

ఆమె చూసింది. వాటిలో ఆమెకు ఏం కనిపించిందో తెలియదు కానీ నా మొహంలో ఏదో కనిపించి ఉంటుంది. "సరే బిడ్డా, నీ బండ్లనే వస్త" అంది.

సడ్డకుడు "మంచిగైంది అన్నా" అన్నాడు. ఆ మాట మనసారా అన్నాడు. అదింకా కాల్చింది నన్ను.

వెనక లోడు పైకప్పు అంటింది. అత్తమ్మ, ఆమె ఒళ్లో బోనం, ఆ పక్కన పసుపు కుంకుమల పళ్లెంతో ముందు సీటు నిండిపోయింది. మా ఆవిడ చెల్లెలి బండి ఎక్కింది. డప్పులు నా ముందు మోగాయి. కట్ట ఎక్కేదాకా నా అంత మొనగాడు ఈ చుట్టుపక్కల లేడు.

తూము వైపు దిగేచోట, నా కాలు ఏళ్లుగా చేస్తున్న పనే చేసింది. టకటకా మూడుసార్లు తొక్కింది. మొదటి తొక్కుకే బండి పళ్లు బిగించి ఆగింది, రెండోదానికి ఎగిరింది, మూడోదానికి వెనక ఉన్నదంతా ముందుకు వచ్చింది. కట్టెలు వెనక కూర్చున్న మా చిన్నమామ వీపు మీద పడ్డాయి. డ్రమ్ములో నీళ్లు సగం నా మెడ మీదుగా దిగాయి. డప్పులవాళ్లు పొలాల్లోకి దూకారు. అత్తమ్మ కుండను రెండు చేతులా పొదువుకుని, నుదురు అద్దానికి కొట్టుకున్నా దాన్ని వదల్లేదు.

"బండా ఇది, బెదిరిన గుర్రమా!" అంది. "పోయిందనుకున్న బిడ్డా బోనం."

పోలేదు. కుండకు కట్టిన వేపమండలు మాత్రం ఊడి నా ఒళ్లో పడ్డాయి. మిగతా దిగుడు ఆమె నడిచే దిగింది, తలమీద బోనంతో. ఖాళీ సీటుతో ఆమె వెనక నేను.

అప్పుడు వచ్చింది సడ్డకుడి జీపు. చప్పుడు లేకుండా దిగి వేపచెట్టు కింద ఆగింది. అతని నవ్వు మొహాన్ని చూడకూడదని అతని జీపు వెనక భాగంలోకి చూశాను. మా ఆవిడ బియ్యం మూట మీద తల ఆనించి నిద్రపోతోంది. అంత లోడులో, ఆ గుంతల్లో, కట్ట దిగుడులో, నోరు కొద్దిగా తెరిచి, హాయిగా. చెల్లెలు భుజం పట్టి ఊపితే గానీ లేవలేదు.

అది చూసి నేను కదల్లేకపోయాను. దెగ్లూర్ పశువుల సంతకు పొద్దున్నే బయలుదేరి పోయేవాళ్లం, ఎన్నెన్నో దూరాలు పోయాం, నా జీపులో ఆమె ఒక్క కునుకు తీయగా చూడలేదు. నేనుంటే ఆమెకు నిద్ర రాదని, నాతో మాట్లాడుతూనే ఉంటుందని స్నేహితుల దగ్గర చెప్పుకునేవాణ్ని. వాడి బండిలో నిద్రపోయింది. అత్తమ్మ వాడి బండి ఎక్కిన రోజున కూడా నాకింత మంట పుట్టలేదు.

తిండి సహించలేదు. విస్తరి ముందు కూర్చునే అడిగాను, "గంత నిద్రొచ్చిందా?" అని.

"ఏమో, పట్టింది" అంది మా ఆవిడ. "పొద్దుగాల లేచిన గద."

"నా బండ్ల ఎన్నడన్న పట్టిందా?"

ఆమె నావైపు చూసి, నా విస్తట్లో ఇంకొంచెం కూర వేసింది.

తిరుగు ప్రయాణంలో అత్తమ్మ ఎవరినీ అడక్కుండానే చిన్నల్లుడి బండి ఎక్కింది. నేనూ పిలవలేదు. మా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. లోడు లేదు, వెలుతురు ఉంది, బండి మెల్లగా పోనిస్తున్నాను. నిద్ర పడుతుందేమోనని ఆమె మొహం వైపే చూశాను. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. కట్ట దిగేచోటు రాబోతుండగా ఎందుకో కిందికి చూశాను. ఆమె కుడికాలు ముందుకు జరిగి, పెడలు లేని చోట రేకును గట్టిగా తొక్కిపట్టింది. అక్కడ రబ్బరు మ్యాటు ఆమె మడమంత మేర అరిగిపోయి, కింద రేకు తెల్లగా కనబడుతోంది.

"కొత్త బ్రేకులు ఏయించిన గద" అన్నాను.

"తెలుసు" అంది. కాలు తీయలేదు.

మలుపులో గేదెలు అడ్డం వచ్చాయి. ఆమె కాలు నాకంటే ముందే తొక్కింది. దాన్ని చూసే నేను తొక్కాను.