బంతి వెనక నడిచిన చప్పుడు

మా ముత్తాత సూర్యనారాయణరాజు గారు, తాత రామభద్రరాజు గారు వరసగా మా ఊరి మునసబులు. భీమవరం చుట్టుపక్కల మా ఇంటిని దివాణం అనేవారు. ఆ ఇంట్లో దయ్యాల కబుర్లు చెప్పినవాళ్లకి రెండోసారి కాఫీ ఇచ్చేవారు కాదు. నేనూ ఆ పెంపకంలోనే పెరిగాను. ఈనాటికీ ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాను. ఇది రాయడానికి ఇన్నేళ్లు వెనకాడింది అందుకే.

రెండు వేల సంవత్సరం దాటేసరికి మాకు మిగిలినవి రెండు. మేడ, దాని పక్కన భోజనశాల. చెరువుల్లో రొయ్య తెగులుతో పోయాక రెంటిలో ఒకటి అమ్మక తప్పలేదు. శాల అమ్ముదామని నేనే అన్నాను. మేడ ఉంటేనే పదిమందిలో తలెత్తుకు తిరుగుతామని నా నమ్మకం. బాబాయికీ అభ్యంతరం లేదు. "బఫేల రోజుల్లో బంతుల శాల ఎందుకురా, చేపల మేత బస్తాలు పేర్చుకోవడానికా?" అన్నారు.

ఆ శాలలో భోజనాల బంతులు గోడవారగా వేసేవారు కాదు. రెండు వరసలూ వీపులు ఎదురెదురుగా ఉండేలా కూర్చోబెట్టి, మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి వదిలేవారు. అది తాతగారి పద్ధతి. ఎదురుగా నిలబడితే తినేవాళ్లు మొహమాటపడతారని ఆయన వెనక నుంచి నడుస్తూ చూసేవారు. వెండి పొన్ను వేసిన చేతికర్ర నాపరాళ్ల మీద ఆన్చుకుంటూ వెళ్లి, ఎవరి విస్తట్లో ఏది తగ్గితే అది మెల్లగా చెప్పేవారు. ముఖ్యంగా బూరెలో నెయ్యి లేకుండా ఎవరూ తినకూడదు.

శాల బేరం నడుస్తుండగా బాబాయి కూతురి పెళ్లి వచ్చింది. ఆ ఒక్కసారికీ అక్కడే బంతులు వేయించాం. తాతగారు పోయి అప్పటికి చాలా కాలమైంది. నాకు భీమవరంలో వీడియో మిక్సింగ్ యూనిట్ ఉండేది కాబట్టి పెళ్లి వీడియో నేనే తీశాను. శాల ఎలాగూ పోతోంది, దాని సందడైనా చుట్టూ వినబడేలా దాచుకుందామని భోజనాల భాగాన్ని సరౌండ్ సౌండ్‌లో చేద్దామనుకున్నాను.

సాఫ్ట్‌వేర్‌లో సన్నాయి మేళం ముందు స్పీకర్లకి, మాటలు మధ్య స్పీకర్‌కి ఇచ్చాను. వెనక స్పీకర్లకి ఇవ్వడానికి ఏమీ లేదు. కెమెరా మైకు బంతికి ఎదురుగా, దూరంగా ఉంది. ఖాళీ శాల సవ్వడి తర్వాత విడిగా రికార్డు చేసి ఆ రెండు ట్రాకుల్లో పెడదామనుకున్నాను. ముందు ఒక పరీక్ష కాపీ కోసం వాటిని ఖాళీగా వదిలి, ఎక్స్‌పోర్ట్ నొక్కి భోజనానికి వెళ్లాను.

వచ్చి, డిస్కు రాసి, హోమ్ థియేటర్‌లో వేశాను. బూరెలు వడ్డిస్తున్న చోట నా వెనక కుడివైపున రాయి మీద కర్ర ఆనిన చప్పుడు. అది మెల్లగా ఎడమకి నడిచింది. ఆగింది. గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం. అదే క్షణంలో తెర మీద, బంతి చివరన కూర్చున్న పెద్దమనిషి తల వెనక్కి తిప్పి చూశారు. ఆయన వెనక ఎవరూ లేరు. ఆయన్ని దాటిపోయిన నేతి గిన్నె కుర్రాడు మళ్లీ వెనక్కి వచ్చి, ఆయన బూరెలో నెయ్యి పోశాడు.

ముందు స్పీకర్ల శబ్దాన్నే యాంప్లిఫయర్ వెనక్కి పంపి ఉంటుందనుకున్నాను. ముందువీ మధ్యదీ స్పీకర్ల తీగలు పీకేసి విన్నాను. కర్ర చప్పుడు మాత్రమే మిగిలింది. అసలు టేపు వేసి చూస్తే అందులో అది లేదు. అవే సెట్టింగులతో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. ఈసారి వెనక స్పీకర్లు నిశ్శబ్దం.

ఆ పెద్దమనిషి పెళ్లికొడుకు తరఫు వారు, సామర్లకోటలో రిటైరైన మాస్టారు. మా ఊరు రావడం ఆయనకదే మొదలు. ఫోన్ చేసి, భోజనాల దగ్గర మర్యాదలో లోటేమైనా జరిగిందా అని మాత్రమే అడిగాను.

"ఎంత మాటండీ. మీ ఇంట్లో పెద్దాయనెవరో వెనక నుంచి, ఆయన బూరెలో నెయ్యి వెయ్యండ్రా అన్నారు. తిరిగి చూసేసరికి వెళ్లిపోయారు. నమస్కారం పెట్టలేకపోయాను, ఏమీ అనుకోవద్దని చెప్పండి."

చెబుతానన్నాను.

బాబాయిని పిలిచి, ఏమీ చెప్పకుండా మొదటి డిస్కు వేశాను. ఆయన సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. కర్ర చప్పుడు వెనక మొదలవగానే కాలు దించేశారు. అది ఆగేదాకా వీపు నిటారుగా పెట్టి కదలకుండా కూర్చున్నారు. వెనక్కి తిరిగి చూడలేదు.

"శాల ఇవ్వటం లేదని బేరం వాళ్లకి చెప్పెయ్" అన్నారు.

మరి మేడ పోతే మన పరువేమవుతుందని అడిగాను.

"మేడలో మనమే తింటాంరా" అన్నారు బాబాయి.



కంప్యూటర్ చేసిన పొరపాటే అనుకుందామంటే మాస్టారి మాట అడ్డొస్తుంది. మాస్టారు భ్రమపడ్డారనుకుందామంటే ఆ డిస్కు ఉంది. రెంటినీ కలిపి చెప్పగల కారణం నాకు ఇప్పటికీ దొరకలేదు. తెలిసినవాళ్లు చెబితే వింటాను.

ఆ ఎండాకాలంలో మేడ అమ్మేశాం, తలుపులూ కిటికీలతో సహా.