రామచంద్రయ్య గారి చెయ్యి

మా కాలనీ రామచంద్రయ్య గారికి ఒకటే జబ్బు. నలుగురు ఔనన్న చోట ఆయన చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది, కాదనడానికి.

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి ఇబ్రహీంపట్నంలో ఇల్లు కట్టుకున్నారు. కాలనీ మీటింగులో గేటుకు నీలం రంగు వేద్దామంటే చెయ్యెత్తారు. చాయ్ తెప్పిద్దామంటే ఎత్తారు. ఆయనకే శాలువా కప్పుదామంటే, "నాకు సమ్మతం లేదు, రాసుకోండ్రి" అని ఎత్తి, అది రాసేదాకా చూసి, అప్పుడు కప్పించుకున్నారు.

మా అధ్యక్షుడు వినోద్ కుమార్‌ను రెండేళ్లకని ఎన్నుకున్నాం. ఐదేళ్లయింది. "మళ్ల ఎలక్షన్ ఎందుకన్నా, మనల మనకు కొట్లాట" అంటాడు. నిజమే కదా అనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో తనొక్కడే రాసేటట్టు పెట్టుకుంటే, ఫోను ప్రశాంతంగా ఉందని సంతోషించాం. చివరికి రిజిస్టరులో ముందు మా సంతకాలు, తర్వాత తీర్మానం. ఖాళీ పేజీ మీద నా సంతకం ఎంతో అందంగా ఉండేది.

మొన్న ఆదివారం ఆ ఖాళీ పేజీ, గేటు దగ్గర చేపలమ్మే నర్సింహమ్మ మీదికి వచ్చింది. వాసన వస్తోందని ఆమెను అక్కణ్ణుంచి లేపెయ్యాలట. పెద్దచెరువు చేపలే ఆమె బతుకు. గంప పక్కన పెట్టుకుని గేటవతల నిలబడి అంతా వింటోంది.

వినోద్ హుషారుగా ఉన్నాడు. రామచంద్రయ్య గారిది తులసిమాల మెడ. చేపల గంప కనబడితే ముక్కుకు తువ్వాల అడ్డం.

"ఇయ్యాల కాక గూడ మన దిక్కే. ఏకగ్రీవమని రాస్తున్న," అన్నాడు వినోద్.

చెయ్యి లేచింది.

"కాకా, నీకు నీసు వాసన పడదు గద?"

"పడదు. సమ్మతం గూడ లేదు. ఆమెను పిలిచి అడిగినవా?"

వినోద్ నవ్వాడు. "గా చెయ్యి ఎప్పుడూ లేసేదే. సంతకాలు కానియ్యుండ్రి."

నేను పెన్ను మూత తీశాను. ప్రతి ఆదివారం ఆమె దగ్గర కిలో రవ్వ చేపలు కొనేవాణ్ణి నేనే. రామచంద్రయ్య గారు నా వంక, టికెట్ లేని ప్యాసింజరును చూసినట్టు చూశారు. పెన్ను పట్టుకున్న చెయ్యే పైకి లేచింది. నా వెనక సుసన్నక్క చెయ్యి, ఆ వెనక ఎల్లేశ్ చెయ్యి.

ఆయన లేచి నిలబడి, బస్సులో తలలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టారు. "పదిహేడు. వంగిన చేతులు జర సీదా పెట్టుండ్రి."

ఇరవై ఆరుగురిలో పదిహేడు. నర్సింహమ్మ గంప కదల్లేదు. లేచిన చేతులు దించకుండానే ఎలక్షన్ తారీఖు కూడా అడిగేశాం.

బయటికొస్తూ అడిగాను. "మరి శాలువాకెందుకు ఎత్తినవ్ కాకా?"

"దినాం ఎత్తకుంటే అక్కరపడ్డనాడు లెవ్వదురా. ఒకటి ముందే లేసి ఉంటే, రెండోదానికి భయముండదు."

మర్నాడు నర్సింహమ్మ రెండు పెద్ద చేపలు తెచ్చి ఆయన గుమ్మంలో నిలబడింది. "కాదనకు బాపూ, తీస్కో."

ఆయన ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండోది ఎత్తారు.

చేపలు మా ఇంటికొచ్చాయి. మా ఇంట్లో మాత్రం ఏకగ్రీవమే.