ఆమె ఒళ్లో నా సంచి

విదేశాల్లో నేను మహా మర్యాదస్తుణ్ణి. జపాన్‌లో ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే చేపలమ్మే ఒక ముసలాయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడని, ఫోన్ జేబులో పెట్టుకుని, నడుం వంచి నమస్కారం పెట్టి మరీ వచ్చాను. పటాన్‌చెరులో బొంతపల్లి బస్సెక్కినప్పుడు మాత్రం ఎవరినైనా అడగాలన్న ఆలోచనే రాలేదు. మనవాళ్లే కదా!

కిటికీ పక్కన కూర్చున్న ఒకామె కంపెనీ నీలం కోటు విప్పి, మడిచి, టిఫిన్ సంచిలో అడుక్కి కుక్కుతోంది. సాయంత్రపు ఎండ సరిగ్గా ఆమె చేతుల మీద పడింది. నిలబడే ఫోన్‌లో ఫోటో తీశాను.

రెండు స్టాపులు దాటాక ఆమె మెల్లగా నా వైపు తిరిగింది.

"అన్నా, ఇందాక తీసినవ్ గదా, గా ఫోటో జెర తీసేయ్. మాది భూములున్న ఇల్లు. కుట్టు నేర్సుకోవడానికి పోతున్న అని ఇంట్ల చెప్పిన. కంపెనీల పని చేస్తున్నట్టు తెలిస్తే మా మామ ఊర్లె తలెత్తుకోలేడు."

ఆమె కళ్లముందే ఫోటో చెరిపేశాను. ఆమె ముఖం తేటపడింది.

"ఎంతసేపు మోస్తవ్ అన్నా, సంచి ఇటియ్యి."

నా కెమెరా సంచి అందుకుని ఒళ్లో పెట్టుకుంది. బస్సు కుదిపినప్పుడల్లా, అది పడిపోకుండా రెండు చేతులా పట్టుకుంది.

ఆమె అడగకముందే ఆ ఫోటోను మా ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టేశానని ఆమెకు చెప్పలేదు. ముఖం స్పష్టంగా పడింది. కింద నేనే రాశాను: 'బొంతపల్లి బస్సులో.'