కొస మడి పాటలు, జేబులో కంప్యూటర్: బాన్సువాడలో ఒక రోజు

బాన్సువాడకు నేను విహారానికి వెళ్లలేదు. ఒక పెద్దమనిషి మీద పాత కక్ష తీర్చుకోవడానికి వెళ్లాను. అరచేతిలో పట్టే డిస్కులో మొత్తం కంప్యూటర్‌ను పెట్టుకుని ప్రయాణం చేయడం ఎలాగో చెప్పమని ఈ బ్లాగు చదివే కొందరు అడుగుతున్నారు. ఈ రెండు సంగతులూ ఒకే రోజు జరిగాయి కాబట్టి కలిపే రాస్తున్నాను.

పదిహేనేళ్ల కిందట నేను బాన్సువాడలో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి. ఒకరోజు నస్రుల్లాబాద్ దారిలో స్కూటర్ పంక్చరై కాలువ గట్టు మీద కూలబడ్డాను. కింద మడిలో ఆడవాళ్లు నాటు వేస్తూ పాడుతున్నారు. బాణీ నాకు తెలిసిన నాటు పాటదే, మాటల్లో మాత్రం యేసయ్య ఉన్నాడు. ‘తూము ఎత్తు యేసయ్యా, తూము ఎత్తు. కొస మడి మాది, ఎండిపోతుంది.’ దేవుడికీ నాకూ మాటల్లేక చాలా కాలమైంది. అయినా కాలువ చివరి మడికి నీళ్లందని మనిషి దేవుణ్ణి తూము ఎత్తమని అడగడం నేను చదివిన ఏ కావ్యంలోనూ కనబడలేదు. ఆ పాట ఎత్తుకున్న మనిషి ఎస్తేరవ్వ. కూలికి పోయే మనిషి, చదువు లేదు. ఆ తరువాత వీలు దొరికినప్పుడల్లా వెళ్లి, ఆమె పాడినవన్నీ రాసుకుని కాలేజీ కంప్యూటర్‌లో టైపు చేశాను. మొత్తం నలభై పాటలు.

నా దగ్గర ఆ కాగితాలు చూసిన ఒక పెద్దమనిషి, సభల్లో శాలువాలు కప్పించుకునే రకం, చదివి ఇస్తానని తీసుకెళ్లాడు. రెండేళ్లకు ఆయన సంకలనంలో ఏడు పాటలు కనిపించాయి. వాటి కింద ‘జానపదుల నోట విన్నవి’ అని ఉంది తప్ప ఎస్తేరవ్వ పేరు లేదు. ఆయన పేరు నేనిక్కడ రాయను. ఆయన ఆమె పేరు రాయలేదు, నేను ఆయన పేరు రాయను, చెల్లుకు చెల్లు.

ఇప్పుడు వాళ్ల పల్లెలో కొత్త చర్చి కట్టుకున్నారు. ఆదివారం ప్రారంభం. ఆ రోజు అందరి చేతుల్లో ఎస్తేరవ్వ పాటల పుస్తకం ఉండాలని సంఘంవాళ్లు అనుకున్నారు. ఐదు నెలల కిందటే అవ్వ ఫోన్ చేసి, ‘సారూ, పాటలు నీ దగ్గర పదిలంగున్నయా?’ అని అడిగింది. అచ్చుకు వెళ్లేముందు మొత్తం తనకు చదివి వినిపించాలన్నది ఆమె షరతు.

పాటలు పదిలంగానే ఉన్నాయి, తెరవడానికే దారి లేదు. అప్పట్లో టైపు చేసిన తెలుగు అక్షరాలు ఇప్పటి కంప్యూటర్లలో తెరిస్తే కాకి గీతల్లా కనిపిస్తాయి. ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త మెషీన్లలో నడవదు. నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ షాపతను నా తెల్ల జుట్టును ఒకసారి, నా పాత లాప్‌టాప్‌ను ఒకసారి చూసి, ‘అంకుల్, రెండూ రిటైరైనయ్’ అన్నాడు. అతనికి కృతజ్ఞతలు. ఆ మాట అనకపోతే నేను పంతం పట్టి మూడు నెలలు చదివేవాణ్ణి కాదు. చదివి తెలుసుకున్నది ఇది: కంప్యూటర్‌లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపించవచ్చు. దాన్ని వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. పాత ఆపరేటింగ్ సిస్టమ్, పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్, పాత ఫాంట్లు, నా ఫైళ్లు అన్నీ దాంట్లో ఉంటాయి. దాన్ని నడిపే చిన్న ఉచిత సిస్టమ్‌తో సహా మొత్తం ఒక బయటి డిస్కులో ఎక్కించాను. ఆపి ఉంచిన ఏ కంప్యూటర్‌కైనా ఆ డిస్కు తగిలించి, దాని నుంచే మొదలుపెట్టమంటే చాలు, ఎవరి బల్ల మీదైనా నా డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లో పెడితే ప్రాణం తీసేంత నెమ్మది. అందుకే ఐదు వేలు పెట్టి వేగంగా పనిచేసే డిస్కు కొన్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది.

శుక్రవారం పొద్దున ఏడున్నరకు నిజామాబాద్‌లో వర్ని మీదుగా వెళ్లే బస్సెక్కాను. రెండు గంటల లోపే ప్రయాణం, టికెట్ వంద దాటదు. కుడివైపు కిటికీ దొరికితే వదలకండి. వర్ని దాటాక కాలువ నీళ్లు, నారుమళ్లు, ట్రాక్టర్లు బురదలో దున్నడం చాలాసేపు కనిపిస్తాయి. బస్టాండ్ దగ్గర పూరీ తిని, షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చున్నాను. అతను నన్ను కిందికీ మీదికీ చూశాడు.

‘ఏంది సార్, సంచి లేదు, సామాన్ లేదు. ఉత్త చేతులతోని దిగిన్రు?’

‘ఆఫీసు జేబులో ఉందన్నా’ అని డిస్కు చూపించాను.

‘గంత ఆఫీసుల జీతం ఎంతొస్తది సార్?’

‘పింఛన్ వస్తుంది.’

‘అయితే మంచి ఆఫీసే’ అని అతను నన్ను స్వప్న షాపు ముందు దింపాడు.

స్వప్నది పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, జిరాక్సుల షాపు. సంఘంవాళ్లు పుస్తకం అచ్చుకు మాట్లాడుకున్నది అక్కడే. ఆమె గురించి ముందే ఫోన్‌లో కనుక్కున్నాను. ముప్పై అయిదేళ్లుంటాయి, పని చేసేది ఆమె ఒక్కతే. నేను వెళ్లేసరికి మెడకు, భుజానికి మధ్య ఫోన్ ఇరికించుకుని, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ మీద ముఖాలు అతికిస్తోంది. నేను నోరు తెరిచేలోపు నా చేతిలోని డిస్కు తీసుకుని, నడుస్తున్న కంప్యూటర్‌కు గుచ్చేసింది. అక్కడి షాపుల్లో అదే అలవాటు. వచ్చినవాళ్ల చేతిలో ఏముంటే అది లాక్కుని గుచ్చడం, తరువాతే ‘చెప్పుండ్రి’ అనడం. తెర మీద ఒక పెట్టె వచ్చింది: ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? ఆమె బాణం గుర్తు అప్పటికే ‘అవును’ మీదికి వెళ్లింది.

‘ఆగమ్మా! ముట్టుకోకు!’

నా గొంతు అంత గట్టిగా లేస్తుందని నాకే తెలియదు. జిరాక్సు కోసం నిలబడ్డ ఇద్దరు వెనక్కి జరిగారు. స్వప్న వేలు గాలిలోనే ఆగిపోయింది.

‘ఏమైంది సార్? మా దగ్గరికొచ్చే పెన్‌డ్రైవ్‌లు సగం గిట్లనే అడుగుతయ్. ఫార్మాట్ కొడితే సాఫయితది. అండ్ల ఏం లేదని చూపెడ్తుంది గద.’

‘నలభై పాటలున్నాయి. నెల రోజులుగా దిద్దినవి. ఇంట్లో ఉన్నది దిద్దక ముందుది.’

‘మరి గా కంప్యూటర్‌కు కనవడ్తలేదేంది?’

‘దానికి ఆ పద్ధతి చదవడం రాదు. తనకు చదవరానిది ఖాళీ అనుకుంటుంది, తుడిచేద్దామంటుంది.’

నాకు తెలిసిన పండితులు చాలామంది జీవితమంతా ఇదే పద్ధతిలో పనిచేశారు. స్వప్న వాళ్ల కంటే నయం. ఆగమంటే ఆగింది, ఎందుకని అడిగింది. ఆ రెండింటికీ ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

తరువాత కంప్యూటర్ మొత్తం ఆపి, డిస్కు తగిలించి, మళ్లీ మొదలుపెట్టాలని చెప్పాను. ఆమెకు భయం వేసింది. ‘అండ్ల పదకొండు పెండ్లి కార్డులున్నయ్ సార్. ఏమన్న అయితే పెండ్లిపిల్ల అయ్యలందరు గీ గడపకాడనే కూసుంటరు.’ నా డిస్కు ఆమె లోపలి డిస్కును తాకదని, పని అయ్యాక తీసేస్తే తన కంప్యూటర్ తనకు ఎలా ఉన్నది అలాగే తిరిగి వస్తుందని రెండుసార్లు చెప్పాను. అయినా ముందుగా కార్డులన్నీ ఇంకో చోటికి కాపీ చేసుకుంది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. మొదలయ్యేటప్పుడు ఏ బటన్ నొక్కాలో కంపెనీని బట్టి మారుతుంది. వాళ్లదానికి ఎఫ్ పన్నెండు అని ఆమే చెప్పింది. కాసేపటికి చిన్న సిస్టమ్ తెరుచుకుంది, దానిలో ఒక కిటికీ, ఆ కిటికీలో పాత కాలపు పచ్చగుట్ట, నీలి ఆకాశం.

స్వప్న పకపకా నవ్వింది. ‘అవ్వో! గిది నేను బోధన్ల టైపు నేర్చుకున్నప్పటి కంప్యూటర్! గిది ఇంక బతికే ఉన్నదా సార్?’

ఆ పాత కీబోర్డు వరసలు ఆమె వేళ్లకు ఇంకా గుర్తున్నాయి. నన్ను లేపి తాను కూర్చుంది.

పదకొండింటికి ఎస్తేరవ్వ వచ్చింది. ఇంకా పలచబడింది. వెంట రుక్కవ్వ. ఇద్దరూ ఒక కూలి జట్టులో నలభై ఏళ్లు నాటు వేసినవాళ్లు. రుక్కవ్వ నుదుట రూపాయంత బొట్టు.

‘బస్సుల ఆడోళ్లకు టికెట్ లేదు గద సారూ. పైసల్ లేకుంట తిరిగొద్దమని నేను గూడొచ్చిన’ అంది రుక్కవ్వ.

స్వప్న టీ తెప్పించింది. నేను తెర చూసి ఒక్కో పాట చదివాను. అవ్వ కళ్లు మూసుకుని విన్నది. అక్కడక్కడ ‘గా మాట గాదు’ అంటే స్వప్న అప్పటికప్పుడే దిద్దింది. ‘తూము ఎత్తు’ దగ్గరికి వచ్చేసరికి అవ్వ అందుకుంది. రెండో పాదం రుక్కవ్వ అందుకుంది. జిరాక్సు కోసం వచ్చినవాళ్లు కాగితాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

చివరగా మొదటి పేజీ చూపించాను. ‘రచన: ఎస్తేరవ్వ’ అని పేజీలో సగం వచ్చేంత అక్షరాలు పెట్టాను. ఈ ఒక్క పేజీ కోసమే నేను వచ్చింది.

‘ఇదే నీ పేరు అవ్వా.’

ఆమె తెరను వేలితో ముట్టింది. ‘ఇంకెవరి పేర్లున్నయ్ సారూ?’

‘ఇంకెవరివి? పాటలు నీవే కదా.’

‘మరి గిదీ?’ అని రుక్కవ్వ వైపు చూసింది.

‘నా పేరెందుకే మీ చర్చి పుస్తకంల? మా మైసమ్మ తల్లి ఊకుంటదా?’ అని రుక్కవ్వ నవ్వింది.

అవ్వ నవ్వలేదు. ‘నేనొక పాదం ఎత్తుకుంటె నువ్వొక పాదం కట్టి అందుకోలేదా? కొస మడి మాట ఎవరిది? మీ మడే గద ఎండింది. నాకు మడెక్కడిది?’ తరువాత నా వైపు తిరిగింది. ‘సారూ, గా పెద్దసారు నా పేరు రాయలేదని నువ్వు గిన్నేండ్ల సంది మండిపడ్తున్నవ్. ఇప్పుడు దీని పేరు లేకుంట నా పేరొక్కటే పెడితే, నేను గా పెద్దసారు లెక్కనే గద?’

ఈ సంగతి నాకు తట్టనే లేదు. ఇన్ని పుస్తకాలు చదివి ఏం లాభం?

ఆ జట్టులో ఐదుగురట. ఎస్తేరవ్వ, రుక్కవ్వ, గంగవ్వ, ఇద్దరు పోయినవాళ్లు. ఏ పాటలో ఏ పాదం ఎవరు కట్టారో ఇద్దరూ కొట్లాడుకుంటూ చెప్పారు. అవన్నీ రాస్తే ఒక పేజీ అయింది. అప్పుడు స్వప్న తల గోక్కుంది. ‘సార్, నడుమ పిన్ను కొట్టే పుస్తకం నాలుగు పేజీల లెక్కన్నే పోతది. ఒక్క పేజీ పెరిగితే మూడు ఖాళీగుంటయ్. ఖర్చు సంఘపోళ్లది. ఏదన్న ఒక పేజీ తీసెయ్యాలె.’

తీయడానికి పాటలు తప్ప ఒకటే పేజీ ఉంది. అది నా ముందుమాట. ఆ పెద్దమనిషి ఏం చేశాడో, ఆయన పేరొక్కటి తప్ప, సంకలనం పేరుతో, పేజీ నంబర్లతో సహా రాశాను. ఏళ్ల తరబడి మనసులో దిద్దుకున్న పేజీ అది. నేను రాసినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు.

‘గదేంది సారూ?’ అని అడిగింది అవ్వ.

‘ఒకాయన మీద తిట్లు.’

‘చర్చిల చదివేదానికా?’ అంది రుక్కవ్వ.

నేనే తీసేశాను. స్వప్నను ముట్టుకోనివ్వలేదు. ఆ పేజీలో వాళ్ల ఐదు పేర్లు పెట్టాము. మొదటి పేజీ మీద ‘ఎస్తేరవ్వ, ఆమె జట్టు’ అని మార్చాము. రుక్కవ్వ తన ఇంటిపేరు కూడా పెట్టమంది. ఊళ్లో ముగ్గురు రుక్కవ్వలు ఉన్నారట, మిగతా ఇద్దరికీ పాడటం రాదట.

పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి, మామూలు పెన్‌డ్రైవ్‌లో వేసి, నా డెస్క్‌టాప్ మూసేశాము. స్వప్న తన కంప్యూటర్ తెరిచి ముందుగా పెళ్లి కార్డులు లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి మొదటి పుస్తకం పిన్ను కొట్టి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని రుక్కవ్వకు ఇచ్చి, ‘నీ పేరు యాడుందో సార్‌ను అడుగు’ అంది. చూపించాను. రుక్కవ్వ చాలాసేపు ఆ పేజీ మూయలేదు. తరువాత దాన్ని కొంగులో చుట్టుకుంది. మైసమ్మ మాట మళ్లీ ఎత్తలేదు.

నాలుగింటి బస్సులో తిరిగి వచ్చాను. కక్ష తీర్చుకోవడానికి వెళ్లి, దాన్ని నా చేత్తోనే తీసేసి వచ్చాను. ఆ పెద్దమనిషి మీద కోపం పోయిందనుకోకండి, పోలేదు. ‘చెల్లుకు చెల్లు’ అన్న వాక్యం ఆ ముందుమాటలోదే, ఊరికే పోనీయడమెందుకని పైన వాడుకున్నాను. అయినా దారి పొడుగునా మనసు తేలికగానే ఉంది. కాగితాల మీద అచ్చేసి తీసుకెళ్లి ఉంటే, వాళ్లకు చదివి వినిపించి చేతులు దులుపుకుని వచ్చేవాణ్ణి. ఆఖరి గడియలో కూడా మార్చుకునే వీలును జేబులో పెట్టుకుని వెళ్లాను కాబట్టి ఇంకో నాలుగు పేర్లు నిలబడ్డాయి. ఆగిన స్వప్న వేలికీ, ఆగని అవ్వ నోటికీ దండాలు.

మీరు ఇలాంటి డిస్కుతో బయలుదేరితే ఒక్క పని చేయండి. కొత్త కాపీ ఒకటి ఇంట్లో పెట్టి, ఎవరి చేతికైనా ఇచ్చేముందు డిస్కు మీద తెలుగులో పెద్దగా రాసి అంటించండి. నాది స్వప్న పెళ్లి కార్డు అట్ట ముక్క మీద అచ్చేసి అంటించింది. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు: ‘ఇది ఖాళీ కాదు. తుడవకండి.’