కంపు లేని పెంట

పెంట మేస్త్రి చేతులు మోచేతుల దాకా పేడలో ఉన్నాయి. బావమరిది కొట్టంలో తను పరిచిన వేరుశనగ పొట్టు పశువుల మూత్రానికి బాగా తడిసింది. దాన్ని పేడతో కలిపి, ముద్దకట్టకుండా వేళ్లతో విడదీసి గంపకెత్తుతున్నాడు. పారతో ఎత్తొచ్చు కదా అంటే, పారకు తడి తెలియదంటాడు. పెంట మేస్త్రి అన్న పేరు ఊరు వేళాకోళానికి పెట్టింది. ఆయన బిరుదనుకుని పుచ్చుకున్నాడు.

అంతకుముందు ఆ కొట్టం అద్దంలా ఉండేది. బావమరిది నేలంతా సిమెంటు చేయించి, పూటపూటా నీళ్లు కొట్టి, మూత్రాన్ని మురుగు కాలువలోకి మర్యాదగా సాగనంపేవాడు. పేడను పెరట్లో ఎండకు కుప్ప పోసేవాడు. సారమంతా ఎండకూ గాలికీ దానం చేశాక, ఎరువుల బస్తాల కోసం కొట్టుకు పరిగెత్తేవాడు. ఆ శుభ్రత చేలోకీ పాకింది. ఐదెకరాల మెట్టలో గడ్డి మొలవడం కూడా దండగనుకుంది.

ఇటుక బట్టీవాడు వచ్చి పైమట్టి అడిగాడు. బావమరిది ఊ అనబోతుంటే అక్క, అంటే మేస్త్రి భార్య, అడ్డుపడింది. పైమట్టి పోతే నాన్న చేను మూడు తరాలకు గానీ కోలుకోదంది. చివరికి తమ్ముడు ఒక మెట్టు దిగాడు. తొలకరిలోగా బావ మంచి ఎరువు చేసిస్తే ఆగుతాడు. లేకపోతే మట్టి బట్టీకే.

మేస్త్రి నీడపట్టున గొయ్యి తవ్వాడు. పేడా పొట్టూ ఒక వరస, నరికిన కందికట్టె ఒక వరస, పైన మెత్తటి మట్టి. నీళ్లు చిలకరించి, నిండాక బురదతో మెత్తాడు. రెండు నెలలకు తిరగేశాడు. అన్నాళ్లూ బావమరిది ముక్కు మూసుకునే తిరిగాడు.

నాలుగో నెల, మబ్బు పట్టిన రోజున గొయ్యి తెరిచారు. బావమరిది వంగి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ముఖం మాడ్చుకున్నాడు.

"కంపు లేని పెంట ఏం పెంట బావా? ఇన్నాళ్లూ కష్టపడి నా మట్టి నాకే అంటగడుతున్నావా?"

బట్టీవాడికి కబురు పెడతానని లేచాడు. మేస్త్రి పెరటి కుప్పలోంచి ఒక గంప, గోతిలోంచి ఒక గంప నింపి, రెండింటిలో చెరో చెంబు నీళ్లు పోశాడు. మొదటి గంపలో నీళ్లు ఎండిన పేడగడ్డలను పలకరించకుండానే కిందికి కారిపోయాయి. రెండోది చెంబెడూ తాగి చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

"మనకు పడేదే నాలుగు చినుకులు. వాటిని పట్టుకునేదేదో నువ్వే చెప్పరా."

బావమరిది రెండో గంప అడుగున అరచెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి పొడిగానే ఉంది. ఆ చేత్తోనే బుర్ర గోక్కుని, బండి కట్టడానికి వెళ్లాడు.

పొద్దు వాలేసరికి పన్నెండు బళ్ల ఎరువు చేలోకి చేరింది. రేపు ఎండ తగలక ముందే దున్ని కలిపెయ్యమని చెప్పి, మేస్త్రి ఆఖరి బండి పగ్గాలు బావమరిది చేతికిచ్చాడు.