పగలబడి నవ్వినవాణ్ణి కూర్చోబెట్టు

గ్లూకోజు పొడి డబ్బా మూత తీయగానే వచ్చే తీపి వాసనకు మామూలు మనుషులకు ఎండాకాలం గుర్తొస్తుంది. నాకు అరచేతులు చెమరుస్తాయి. నిన్న మదనపల్లె మందుల షాపులో అదే జరిగింది. "షుగరా సార్?" అని అడిగాడు షాపతను. "కాదు, షాహీదా మేడం" అన్నాను. అతను చిల్లర లెక్కపెట్టడంలో పడ్డాడు.

షాహీదా మేడం పుంగనూరులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. డయాలసిస్ రోగుల సాయం కోసం ఏటా హార్స్లీ హిల్స్ మీదికి కాలినడకన ఎక్కే కార్యక్రమంలో వాలంటీర్లందరికీ ఆవిడే అధికారి. ఎక్కినవాళ్ళకు మెడలో పతకం, పేపర్లో ఫోటో. మాకు నీళ్ళ క్యాన్లు, అరటిపండు తొక్కలు. ఎం.ఏ. చదివి తొక్కలు ఏరుతున్న సంగతి ఇంట్లో చెప్పలేదు. మొదటి ఏడాదే మేడం నన్ను అన్నిటికంటే నిటారైన మలుపులో నిలబెట్టారు.

"నన్నే యాల మేడం, ఈడ?"

"జోకులేస్తావు కదప్పా. ఈడికొచ్చేసరికి ఎవురికీ ఊపిరాడదు. నీ జోకుకు తిట్టినోణ్ణి పంపించు. పగలబడి నవ్వినోణ్ణి కూర్చోబెట్టు."

"నవ్వితే తప్పా?"

"నీ జోకులు నేను విన్నాలే."

ఆ ఉదయం మంచు దిగి నీలగిరి చెట్లు కనబడకుండా పోయాయి. అందులోంచి కుప్పం హార్డ్‌వేర్ షాపు మునెప్ప వచ్చాడు. "ఈడే నిలబడన్నా, కొండే దిగొస్తాది" అన్నాను. జోకుగా చెప్పుకోదగ్గది కాదు. ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వు ఆగలేదు. అంత చలిలోనూ చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది.

"కూర్చోన్నా."

"యాల? బాగానే ఉండాను. మా తమ్మునికి డయాలసిస్ జరగతాండాది. పైదాకా ఎక్కుతానని వానికి మాటిచ్చినా. అడ్డం లెయ్!"

ఆపితే తమ్ముడికిచ్చిన మాట పోతుంది. ఆపకపోతే మంచులో మనిషే పోవచ్చు. మేడంకు ఫోన్ చేశాను. "పట్టుకో, వస్తాండాను" అని పెట్టేశారు. ఏం పట్టుకోవాలో చెప్పలేదు కనుక చొక్కా పట్టుకున్నాను. ఆయన నాకు రెండింతలుంటాడు. నన్ను ఈడ్చుకుంటూ, తిడుతూ కొంత దూరం ఎక్కాడు. తిట్లు ముద్దముద్దగా మారాయి. మోకాళ్ళు వంగాయి. ఇద్దరం రోడ్డు మీద కూలబడ్డాం. పై మలుపులో మేడం చెప్పుల చప్పుడు వినబడేదాకా నేను ఆయన చొక్కా వదల్లేదు.

మేడం ఆయన గడ్డం పట్టుకుని, "అప్పా, మింగు. ఇంగో గుక్క" అంటూ గ్లూకోజు నీళ్ళు తాగించారు. గుడికి పోయినట్టు, తమ్ముడి కోసం ఉపవాసంతో ఎక్కుతానని మొక్కుకున్నాడట. టిఫిన్ మానేశాడు, షుగరు మాత్ర మానలేదు. షుగరు పడిపోయినందుకే ఆ నవ్వు, ఆ చెమట. కాసేపటికి కళ్ళు నిలిపి నన్ను చూశాడు. "ఈయప్ప ఎవురు? నా సొక్కా చించినాడు." నా జీవితంలో అంత మంచి మాట వినలేదు.

కిందికి తీసుకెళ్ళే జీపెక్కేటప్పుడు మునెప్ప ఏడ్చాడు. "తమ్మునికి ఏం చెప్పేది?"

"ఇంటికొస్తాండానని చెప్పు" అన్నారు మేడం.

జీపు వెళ్ళాక ఆవిడ మూడుసార్లు ప్రయత్నించినా గ్లూకోజు డబ్బా మూత పట్టలేదు. "మీకూ భయమా మేడం?"

"ఇన్నేండ్లు నా సేత పని చేయించింది అదే కదప్పా."

మేడం చనిపోయాక వాలంటీర్లను ఎంపిక చేసే పని నా మీద పడింది. "నాకేం భయం లేదు సార్" అని ఛాతీ విరిచేవాళ్ళను మర్యాదగా కొండ కింద టీషర్టులు పంచే బల్ల దగ్గరికి పంపిస్తాను. అక్కడ కుర్చీ ఉంటుంది, నీడ ఉంటుంది. నాకు మాత్రం ఆ బల్ల దగ్గర కూర్చునే అర్హత ఇంకా రాలేదు.